పద్యం మధ్యలో పళ్లపొడి

హరికథ చెప్పే దాసుగారు కథ మధ్యలో ఆపటం మనకేం కొత్త కాదు. అశోకవనంలో సీతమ్మవారు కంటతడి పెట్టుకుని వుండగా ఆయన చిడతలు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, "ఇక్కడ ఒక చిన్న పిట్టకథ వుందండీ" అనేవారు. ఆ పిట్టకథలో పిసినారి షావుకారు వుండేవాడు, గయ్యాళి అత్త వుండేది, అమాయకపు అల్లుడు వుండేవాడు. మనం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేసరికి దాసుగారు చెయ్యి పట్టుకుని మళ్ళీ అశోకవనానికే తీసుకుపోయేవారు. నడుమ హారతిపళ్ళెం తిరిగేది. "ఫలానా వీధి కిరాణాకొట్టు యజమానిగారు పది రూపాయలు చదివించారు, వారి పిల్లాపాపల్ని స్వామి చల్లగా చూడాలి" అని ఆయన గొంతెత్తి చెప్పేవారు. మరి అది ప్రకటన కాదూ? అచ్చమైన ప్రకటనే! అయినా ఒక్కరు విసుక్కున్నట్టు నాకు గుర్తు లేదు. ఎక్కడ ఆగాలో, ఆగాక ఎక్కణ్ణించి అందుకోవాలో దాసుగారికి తెలుసు.

ఆ తెలివి ఇప్పుడేమైపోయిందా అన్నదే నా బెంగ. పుస్తకాలమీద విమర్శలు రాస్తున్నాం, సినిమాలమీద రాస్తున్నాం. కథలకన్నా పాటలకన్నా ఎక్కువసార్లు మనం చూస్తున్నవి ఫోనులో వీడియోల మధ్య వచ్చే ప్రకటనలు. వాటి మంచిచెడ్డలు మాత్రం ఎవరూ పట్టించుకోరు. "స్కిప్" అన్న మాటమీద వేలుతో పొడిచి, నాలుగు తిట్లు తిట్టి వూరుకుంటాం. తిట్టు వేరు, విమర్శ వేరు కదా! అందుకని ఈ వారం పుస్తకం పక్కన పెట్టి ప్రకటనలే ముందేసుకుని కూర్చున్నాను.

ముందే చెప్పేస్తాను, ప్రకటనలంటే నాకు పగేమీ లేదు. మా చిన్నప్పుడు మదనపల్లెలో సినిమా మారిందంటే జట్కాబండికి రెండు పక్కలా బొమ్మల అట్టలు కట్టి, లోపల మైకు పెట్టి వీధివీధీ తిప్పేవాళ్ళు. బండిలోంచి విసిరే రంగురంగుల కరపత్రాల కోసం వెనకాల పరుగెత్తి మోకాళ్ళు దోక్కుపోయిన రోజులున్నాయి. 1967 నవంబరులో వివిధభారతిలో వ్యాపార ప్రకటనలు మొదలయ్యాయి. పాటకూ పాటకూ మధ్య సబ్బు పాట ఒకటి వచ్చేది. అసలు పాట మరిచిపోయి సబ్బు పాటే కూనిరాగం తీసిన ఇల్లాళ్ళు ఎంతమంది లేరు! 1976లో దూరదర్శన్‌లోకీ ప్రకటనలు వచ్చాయి. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చేటప్పుడు ముందు అవే బారులు తీరేవి. ఆ కాస్త వ్యవధిలో స్టవ్ ఆర్పి, చేతులు కడుక్కుని, పక్కింటివాళ్ళకు చాప పరిచి వచ్చి కూర్చునేవాళ్ళం. అప్పటి ప్రకటన గుమ్మం దగ్గర నిలబడి పలకరించే చుట్టం. వంటింట్లోకి వచ్చి గిన్నెలమీద మూతలు తీసి చూసేది కాదు.

ఇప్పటిది మూత తియ్యటమే కాదు, గరిటె లాక్కుంటోంది.

పుంగనూరులో మా పెద్దమ్మ వుంది. ఎనభై దాటింది. మోకాళ్ళు పట్టేశాక వీధి గడప దిగటం మానేసింది. మా చిత్తూరు సీమ పల్లెల్లో ఎండాకాలం భారతం ఆడటం ఆనవాయితీ అని చాలామందికి తెలిసే వుంటుంది. పద్ధెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం, చివర దుర్యోధన వధ, నిప్పులగుండం. వీటన్నిటికీ తలమానికం అర్జున తపస్సు. కొబ్బరిచెట్టంత మాను నాటితే అర్జున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఒక్కొక్క మెట్టే పైకెక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడి వుంటారు. పైనుంచి అర్జునుడు నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు గడిచినా కడుపు పండక మా పెద్దమ్మ కూడా ఒక ఏడు అలా పడుకుంది. మరుసటేటికి మా అన్నయ్య పుట్టాడు. నమ్మినా నమ్మకపోయినా, ఆ మాను ఆవిడకు వుత్త మాను కాదు.

ఈమధ్య ఆ ఆటలన్నీ కుర్రాళ్ళు వీడియో తీసి పెడుతున్నారు. నేను ఫోను ఆవిడ ముందు నిలబెట్టాను. అర్జునుడు సగం ఎక్కాడు, పద్యం అందుకున్నాడు, రాగం తీస్తున్నాడు. పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది. ఠపీమని పద్యం తెగింది. ఒక అమ్మాయి ముప్ఫైరెండు పళ్ళూ చూపిస్తూ ప్రత్యక్షమైంది. టూత్‌పేస్టు!

"ఈ పాప యాడ్నించి వచ్చెనే? అర్జునుడు మానుమీద వుండాడు గదా!" అంది పెద్దమ్మ, ఆయన జారి పడతాడేమోనన్నట్టు.

ఆ ప్రకటన అయ్యాక ఇంకొకటి. దాటెయ్యటానికి మీట ఎక్కడుందో ఆవిడకు చూపించాను. అరవయ్యేళ్ళు పిండి రుబ్బి, అంట్లు తోమి అరిగిన వేలు, ఆ అద్దం దాన్ని వేలుగానే గుర్తించలేదు. పద్యం తిరిగి వచ్చేసరికి చివరి పాదంలో వుంది. మొదటినుంచీ వినాలని వెనక్కి జరిపితే మరో ప్రకటన ఎదురొచ్చింది. "కట్టెయ్ అమ్మణ్ణీ. నా తలకాయలో వుండాదిలే, అది చాలు" అంది. నేను చూస్తుండగా మళ్ళీ పెట్టమని అడగలేదు.

దీన్ని కాలయాపన కింద లెక్కవేసేవాళ్ళున్నారు. రోజుకు ఇన్ని నిమిషాలు, నెలకు ఇన్ని గంటలు అంటూ. నాకా లెక్కమీద నమ్మకం లేదు. పెద్దమ్మకు పోయినవి నలభై సెకన్లు కావచ్చు. నలభై సెకన్లు ఆవిడకొక లెక్కా? మధ్యాహ్నమంతా ఖాళీయే. పోయింది రసం. అభినవగుప్తుడు రసానికి అడ్డుపడే విఘ్నాలు ఏడని లెక్కపెట్టాడు. పాపం ఆయన కాలానికి ఈ ఎనిమిదోది పుట్టలేదు.

మొదట్లో నేను యంత్రం కదా, దానికేం తెలుసు, చెవీ ముక్కూ లేనిది అనుకుని సరిపెట్టుకున్నాను. చదువుతూ పోతే సంగతి వేరుగా వుంది. కంపెనీ ఏదన్నది ప్రధానం కాదు, అన్నిటిదీ ఒకటే దారి. అందరికన్నా పెద్దది కాబట్టి యూట్యూబు కథ చెబుతాను. అయిదు సెకన్లు చూశాక దాటెయ్యచ్చునన్న ఏర్పాటు 2010లో తెచ్చారు. అక్కడికి బాగానే వుంది. మధ్యలో ప్రకటనలు దూర్చటానికి వీడియో పది నిమిషాలన్నా వుండాలన్న నియమాన్ని 2020 జూలైలో ఎనిమిది నిమిషాలకు దించారు. అదే ఏడు నవంబరులో, వీడియో పెట్టినవాళ్ళకు పైసా ఇవ్వకపోయినా వాటిమీద ప్రకటనలు వేసే హక్కు తమకుందని షరతుల్లో రాసుకున్నారు. ఇక 2025 మే నెల చూడండి. మాట మధ్యలో, పాట మధ్యలో తెగకుండా విరామం దొరికినచోట ప్రకటనలు పెడతామని ఒకపక్క మార్పు తెచ్చారు. వాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలనుకున్నాను. సరిగ్గా ఆ వారంలోనే న్యూయార్కులో వ్యాపారుల సభ పెట్టి మరో సరుకు చూపించారు. దాని పేరు "పీక్ పాయింట్స్". చూసేవాళ్ళ మనసు ఎక్కడ అన్నిటికన్నా గాఢంగా లగ్నమవుతుందో కృత్రిమ మేధ కనిపెట్టి చెబుతుంది. దాని వెనకే ప్రకటన వేస్తారు!

అంటే ఏమన్నమాట? యంత్రానికి రసం తెలియదనుకోవటం మన అమాయకత్వం. మన పండితులకన్నా బాగానే తెలుస్తుంది. తెలుసుకున్నది ఆస్వాదించటానికి కాదు, అక్కడ సంత పెట్టటానికి. రాగం అందిన చోటు, గొంతు గద్గదమైన చోటు, పెద్దమ్మ చేతులు జోడించిన చోటు - ఖరీదైన జాగా అదే. దాసుగారి పిట్టకథ కన్నీటికి కాస్త తెరిపి ఇచ్చేది. ఇది కన్నీటి తడిమీదే అంగడి తెరుస్తుంది. రెండూ కథ ఆపటమేగా అంటే నేనొప్పుకోను.

వేళాకోళానికి కూడా ఒక హద్దుండాలి. విష్ణుసహస్రనామం మధ్యలో పేకముక్కలు పంచుతూ "వచ్చి ఆడండి, లక్షలు గెలవండి" అన్న పిలుపు మనలో ఎందరు వినలేదు? 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ వాటి ప్రకటనల్నీ కలిపి నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం పుట్టకముందు ఎన్ని ఇళ్ళలో ఎన్ని గొలుసులు తాకట్టుకు వెళ్ళాయో ఆ ఇళ్ళ ఆడవాళ్ళకు తెలుసు.

ఇక భాష సంగతి. దీనికి కుప్పం వెళ్ళాలి. మా చెల్లెలి కాపురం అక్కడే. ఒకపక్క తమిళనాడు, ఒకపక్క కర్ణాటక, బజారులో మూడు భాషలూ కలిసి నడుస్తాయి. ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టటంలో ఔచిత్యముంది. మనుషులు మూడు భాషల్నీ సునాయాసంగా మోస్తారు గానీ ఫోనుకు మాత్రం మతిపోతుంది. మా చెల్లెలు తెలుగు వంట చూస్తూ వుంటే తమిళంలో నగలకొట్టు, కన్నడంలో ఇళ్ళస్థలాలు, ఆ వెంటనే తెలుగులో తలనూనె వస్తాయి. తమిళానివీ కన్నడానివీ మనుషులు మాట్లాడుకున్నట్టే వుంటాయంటుంది. తెలుగు ప్రకటనే తనకు అర్థం కాదట! "పొందండి యాభై శాతం తగ్గింపు", "ఇవ్వండి మీ జుట్టుకు కొత్త జీవం" - ఇదెక్కడి తెలుగు? క్రియని తలకాయ దగ్గర తగిలించి, మిగతా వాక్యాన్ని తోకలా వేలాడదీశారు. పెదవులు హిందీలో కదులుతాయి, మాటలు ఆ కదలిక వెనకాల పరుగెడతాయి. వంకాయలు అమ్మే మనిషి "తీసుకోండి లేత వంకాయలు మీరు" అంటే మనం బేరమాడతామా? మదనపల్లె టమాటా మార్కెట్టులో వేలంపాట పాడేవాణ్ణి ఒక్కపూట వినమనండి ఈ రచయితల్ని. సరుకు ఎలా అమ్మాలో, మాట ఎంత పొదుపుగా వాడాలో తెలుస్తుంది.

"వూరికే వచ్చేదానికి ఇన్ని వంకలా?" అని మా వారి ఎత్తిపొడుపు. న్యాయమే. పెద్ద వీడియోలమీద ప్రకటనల రాబడిలో 55 శాతం వీడియో చేసినవాళ్ళకు ఇస్తామని యూట్యూబు నియమం. ఆవకాయ పెట్టి చూపించి, ముగ్గులు వేసి చూపించి నాలుగు రాళ్ళు సంపాదించుకునే ఆడవాళ్ళు మన వూళ్ళల్లోనూ వున్నారు. వాళ్ళ నోటిదగ్గర కూడు తియ్యమనను. అయితే ఒకటి. మధ్యలో ప్రకటనలు ఎక్కడ రావాలో, అసలు రావాలో వద్దో చూసుకునే వీలు అలా సంపాదించుకునే వాళ్ళకుంది. చాలామంది ఆ పని యంత్రానికే వదిలేస్తారు. తాలింపు ఎప్పుడు వెయ్యాలో తెలిసిన చేతికి ఇదొక బ్రహ్మవిద్యా?

వద్దంటే డబ్బు కట్టమంటారు. మనదేశంలో 2019లో ప్రకటనలు లేని చందా నెలకు 129 రూపాయలతో మొదలుపెట్టి 2024లో 149 చేశారు. 2025లో 89 రూపాయల చందా ఒకటి తెచ్చారు, అందులో పాటలమీద ప్రకటనలు వుండనే వుంటాయి. పాటలమీద లేకుండా వుంటాయనే కదా తల్లీ మనం కట్టేది! ఇంకో సంస్థ, అమెజాన్, సంవత్సరం చందా కట్టినవాళ్ళకే 2025 జూన్‌నుంచి ప్రకటనలు వడ్డించటం మొదలుపెట్టి, అవి తియ్యాలంటే పైన మరికొంత ఇమ్మంది. ముందు చప్పుడు చేసి, తరవాత నిశ్శబ్దానికి ధర చెప్పటం పాత ఎత్తే. పెళ్ళివారి ఇంటిముందు డప్పు వాయించి ఈనాము పుచ్చుకునేదాకా కదలనివాణ్ణి మనమెరుగుదుం.

కుప్పంనుంచి రోజూ రైల్లో బెంగళూరు పనికి పోయి వచ్చేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళు మోసుకొచ్చిన కబురు ఒకటుంది, పత్రికల్లోనూ వచ్చింది. సినిమాహాల్లో చెప్పిన వేళకు బొమ్మ వెయ్యకుండా 25 నిమిషాలు ప్రకటనలు వేశారని ఒక ప్రేక్షకుడు వినియోగదారుల కోర్టుకెక్కితే, 2025 ఫిబ్రవరిలో కోర్టు అవునని హాలువాళ్ళకు లక్ష రూపాయలకు పైగా వడ్డించింది. మార్చిలో హైకోర్టు ఆ తీర్పును నిలిపేసింది, అది వేరే కథ. టీవీకైతే గంటకు 12 నిమిషాలకు మించరాదని కేబుల్ నియమాల్లో రాశారు. అమలైనా కాకపోయినా రాతలో అయినా వుంది. ఫోనుకు అలాంటి గీత ఎవరూ గియ్యలేదు.

మా చెల్లెలు గీత కోసం ఎదురు చూడటం లేదు. ప్రకటన రాగానే ఫోను బోర్లించి, తెడ్డు తీసుకుని పొయ్యిమీది రాగిసంగటి నాలుగు తిప్పులు తిప్పి వస్తోందట. ఈమధ్య సంగటి వుండ కట్టకుండా బహు నున్నగా వస్తోందనీ, వంట చూపించే మనిషి చివరికి ఏం వండిందో మాత్రం తెలియటంలేదనీ వుత్తరంలాంటి మెసేజి పెట్టింది.