బర్గండీ వీధి క్లారినెట్

జార్జ్ లూయిస్ కన్నా వేగంగా క్లారినెట్ వాయించినవాళ్లు జాజ్‌లో చాలామంది ఉన్నారు. స్వరజ్ఞానంలో ఆయన్ని మించినవాళ్లూ ఉన్నారు. అయినా న్యూ ఆర్లీన్స్ సంప్రదాయ బాణీ మాట వస్తే నా మనసు మొదట ఆయన దగ్గరికే వెళుతుంది. ఆ వాయింపులో ఒక మనిషి గొంతు వినిపిస్తుంది.

1900లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నది లేదు. చిన్నప్పుడు చవకరకం పిల్లనగ్రోవి ఊదుతూ, తర్వాత క్లారినెట్ పట్టాడు. శవయాత్రల వెంట నడిచే బ్రాస్ బ్యాండుల్లో, నాట్యశాలల్లో వాయించాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో సంగీతం కూడు పెట్టకపోయేసరికి ఓడరేవులో బరువులు మోశాడు. 1942లో పాతకాలపు ట్రంపెట్ విద్వాంసుడు బంక్ జాన్సన్‌ను రికార్డు చేయడానికి వచ్చిన అభిమానులు జాన్సన్ బృందంలో లూయిస్‌నూ విన్నారు. నలభై దాటాక దశ తిరిగింది.

క్లారినెట్ స్వభావం కొంచెం తెలిస్తే ఆయన పనితనం ఇంకా బాగా అర్థమవుతుంది. వేణువులో వేళ్లు కదపకుండా గట్టిగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. క్లారినెట్‌లో అలా కాదు. బొటనవేలి దగ్గరి మీట నొక్కితే కింది షడ్జమం ఒక్క ఎత్తున పై స్థాయి పంచమానికి ఎగురుతుంది. అందుకే ఈ వాద్యానికి దాదాపు రెండు గొంతులు: కింద కర్రవాసన వేసే బొంగురు గొంతు, పైన నిగనిగలాడే గొంతు. లూయిస్ రెంటినీ ఒకే మనిషి మాటల్లా పలికించాడు. స్వరాన్ని నిలిపినప్పుడల్లా దాని చివర ఒక వెడల్పాటి వణుకు చేర్చేవాడు. నిలిపిన స్వరం అంత నిండుగా వినిపించడానికి సగం కారణం అదే.

న్యూ ఆర్లీన్స్ బృందంలో ట్రంపెట్ పాటను నడిపిస్తుంది, ట్రోంబోన్ కింద ఊతమిస్తుంది. క్లారినెట్ పని ఆ రెంటి చుట్టూ, ఎక్కువగా వాటికి పైన, అల్లుకుపోవడం. లూయిస్ మెట్లు మెట్లుగా పైకీ కిందికీ జారే స్వరమాలలతో ఆ పని చేసేవాడు. ట్రంపెట్ ఊపిరి తీసుకునే చోట ఆయన వచ్చేవాడు, అది మాట్లాడుతుంటే తగ్గేవాడు. కచేరీలో ఇంతకు మించిన మర్యాద నాకు తెలియదు.

ఇక 'బర్గండీ స్ట్రీట్ బ్లూస్'. 1944లో రేవు పనిలో ప్రమాదం జరిగి ఛాతీకి దెబ్బ తగిలి ఆయన ఇంట్లో కోలుకుంటుండగా, జాజ్ రికార్డులు చేసే విలియం రసెల్ రికార్డింగ్ యంత్రం పట్టుకొచ్చి అక్కడే రికార్డు చేశాడు. తోడు ఒక బ్యాంజో, ఒక బాస్, అంతే. పన్నెండు బార్ల నెమ్మది బ్లూస్ అది, ఆవర్తనం వెంట ఆవర్తనం. ప్రతి ఆవర్తనంలోనూ కొద్ది కొద్దిగా మలుపు మారుతుంది. ఎక్కడా ప్రదర్శన లేదు, పరుగు లేదు. ఛాతీ నొప్పి మీద ఉన్న మనిషి ఊపిరిని ఇంత పొదుపుగా, ఇంత నిబ్బరంగా వాడుకున్నాడంటే ఆశ్చర్యం కలుగుతుంది. క్లారినెట్ మీద వచ్చిన బ్లూస్‌లలో ఇంత నిరాడంబరమైనది, ఇంత లోతైనది మరొకటి నేను వినలేదు.

శ్రుతి అక్కడక్కడ జారుతుందని విమర్శకులు అన్నారు. నిజమే, కొన్ని రికార్డుల్లో జారుతుంది. అది చూసి ఆయన్ని పక్కన పెట్టేవాళ్లు చాలా పోగొట్టుకుంటున్నారు. 1950లలో ఇంగ్లండ్‌లోనూ, 1960లలో జపాన్‌లోనూ కుర్రకారు ఆయన కోసం ఎగబడ్డారు. అక్కడి సంప్రదాయ జాజ్ బృందాల్లో క్లారినెట్ పట్టినవాళ్లు ఎందరో ఆయన బాణీనే అనుసరించారు. న్యూ ఆర్లీన్స్‌లో ప్రిజర్వేషన్ హాల్ అనే కచేరీ శాల తెరిచాక అక్కడా వాయించాడు. 1968 డిసెంబరు 31న కన్నుమూశాడు.

ఇంతవరకు వినకపోతే ముందు ఆ 1944 రికార్డు వినండి. తర్వాత జిమ్ రాబిన్సన్ ట్రోంబోన్‌తో కలిసి వాయించిన బృంద రికార్డులకు వెళ్లండి. ఈ వరసలో వింటే, గుంపులో కూడా ఆయన గొంతును ఇట్టే పట్టుకుంటారు.