తొమ్మిదినాళ్ల గోధుమ నారు

శ్రావణంలో తల్లాడ దాటి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో పత్తి చేలు, వరి నాట్లు, మిరప నారుమళ్లు కనిపిస్తాయి. గోధుమ మాత్రం కనిపించదు. అది ఈ నేల పంట కాదు. అయినా ఆ రోజుల్లోనే ఇక్కడి లంబాడీ తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు కిరాణా కొట్టులో గోధుమలు కొని నానబెడతారు. తొమ్మిది రోజుల తీజ్ పండగ అలా మొదలవుతుంది.

నాతో చదువుకున్న మిత్రుడిది ఆ పక్క తండానే. "పొద్దున రా, సాయంత్రం పోదువు" అంటే బయల్దేరాను. ఆటపాటలు చూద్దామని వెళ్లినవాణ్ని ఎక్కువసేపు బుట్టల దగ్గరే నిలబడిపోయాను.

పండగ పెట్టుకోవాలంటే ముందు తండా పెద్ద అయిన నాయక్ ఒప్పుకోవాలి. రాఖీ పౌర్ణమి, కృష్ణాష్టమి రోజుల్లో జరపడం ఎక్కువ, కానీ తేదీ ఏ తండాకు ఆ తండాదే. పిల్లలు పుట్టమన్ను తెచ్చి, మెత్తగా చేసి, మేకల ఎరువు కలిపి బుట్టల్లో నింపుతారు. పాతరోజుల్లో దుసేరు తీగతో అల్లిన బుట్టలే వాడేవారు, ఇప్పుడు బజారు బుట్టలూ వచ్చాయి. నానిన గోధుమలను ఆ మన్నులో చల్లి బుట్టలను మంచె మీదకు ఎక్కిస్తారు. ఇక రోజుకు మూడు పూటలా నీళ్లు పోయడం, పోస్తూ పాడడం, మంచె చుట్టూ ఆడడం. ఈ తొమ్మిది రోజులూ చాలాచోట్ల ఆ పిల్లలది ఉప్పుకారం లేని తిండే.

పైకి తేలిగ్గా కనిపిస్తుంది గానీ పని కష్టమైనదే. గోధుమ చలికాలపు పంట, 20–25 డిగ్రీల వేడిలో చక్కగా మొలుస్తుంది. శ్రావణపు ఉక్కలో నీళ్లు ఎక్కువైతే గింజ కుళ్లుతుంది, బూజు పడుతుంది. తక్కువైతే మొలక వాడిపోతుంది. అల్లిన బుట్ట కాబట్టి అదనపు నీరు సందుల్లోంచి జారిపోతుంది, మంచె మీద ఉంటుంది కాబట్టి కింద నుంచీ గాలి తగులుతుంది, కోళ్లూ మేకలూ అందుకోలేవు. నారు ఒత్తుగా, ఎత్తుగా వస్తే ఆ ఏడు పంటలు బాగుంటాయని, ఆ పిల్లకు మంచి మొగుడు వస్తాడని నమ్మకం. ఆ నమ్మకం సంగతెలా ఉన్నా, ఒత్తుగా వచ్చిన నారు వెనక ఒళ్లు వంచిన పిల్ల ఉందన్నది మాత్రం కళ్లెదుటి నిజం.

విత్తిన నాటి సాయంత్రం బోరడి ఝష్కేరో అనే వేడుక. రేగు కొమ్మ ముళ్లకు పిల్లలు నానబెట్టిన శనగలు గుచ్చాలి. బావ వరసైనవాళ్లు కొమ్మ ఊపుతూ అల్లరి పెడతారు. వేలికి ముల్లు దిగకుండా, శనగ జారకుండా గుచ్చడమే నేర్పు. ఏడో రోజు ఢమోళి. రొట్టెలు, బెల్లం కలిపి నలిపిన చుర్మోను భవానికి పెడతారు. ఆ తర్వాత గణగోర్, మట్టితో పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ చేసి ముస్తాబు చేస్తారు. చివరి రోజు నాయక్ ముందుగా నారు తుంచి ఇస్తే, ఆడపిల్లలు దాన్ని అన్నదమ్ముల తలపాగాల్లో దోపి, వాళ్ల కాళ్లు కడిగి, ఏడుస్తూ బుట్టలను చెరువుకు తీసుకెళ్లి నారును నీళ్లలో వదులుతారు. మరుసటి తీజ్ నాటికి తమలో ఎందరు అత్తారిళ్లలో ఉంటారో వాళ్లకు తెలుసు.

అసలు గోధుమే ఎందుకు? జొన్న అయితే ఈ నేలలో చల్లితే చాలు మొలుస్తుంది. నాకు తోచింది ఇది: లంబాడీల పూర్వికులు రాజస్థాన్ వైపు నుంచి ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కనుకు వచ్చారు. 17వ శతాబ్దంలో మొగలు సైన్యాల వెంట తిండిగింజలు నడిపించినవాళ్లలో వాళ్లున్నారు. తోవలు మారాయి, బళ్లూ రైళ్లూ వచ్చి ఆ వ్యాపారం పోయింది. పండగ గింజ మాత్రం మారలేదు. రాజస్థాన్‌లో ఇప్పటికీ గణగౌర్‌కు ఆడవాళ్లు గోధుమ, యవ మొలకలు పెంచుతారు.

ప్రాచీన ఏథెన్స్‌లోనూ ఆడవాళ్లు నడివేసవిలో పగిలిన కుండల్లో గింజలు మొలిపించి, గ్రీకు పురాణాల్లోని అడోనిస్ పేరిట ఏడ్చి, నీళ్లలో పారేసేవారు. అక్కడ ఆ మొలకలు పెంచేది త్వరగా వాడిపోవడానికే. ఇక్కడ మాత్రం వాడనివ్వకూడదు. జపాన్‌లో వేసవి చివర ఓబోన్ పండగకు ఊళ్లకు చేరినవాళ్లు పితరులను సాగనంపుతూ లాంతర్లను నీళ్లలో వదులుతారు. తండా వదిలేది తన చేతులతో పెంచిన పైరును.

ఒక్కటి నచ్చలేదు. మధ్యాహ్నానికి డీజే పెట్టెలు దిగాయి, సినిమా పాటలు మొదలయ్యాయి. లంబాడీల భాష గోర్‌బోలీకి సొంత లిపి లేదు. తీజ్ పాటలు ఎక్కువగా ఒక నోటి నుంచి ఇంకో నోటికి అందేవే. నీళ్లు పోసేటప్పుడు పాడకపోతే ఆ పాటలు నేర్చుకునే చోటు మరొకటి నాకు కనిపించలేదు. ఈ మాట అంటే "కుర్రాళ్లు వినరు" అని మిత్రుడు నవ్వేశాడు. వినేలా చెప్పాల్సింది నాయక్, ఆయనకు సాయంగా ఉండే కార్‌భారీలే అని నా అభిప్రాయం.

తీజ్ చూడాలనుకుంటే నిమజ్జనం రోజు ఒక్కటే చూసి వచ్చేయకండి. నడిమధ్య ఒక పొద్దున, నీళ్లు పోసే వేళకు వెళ్లండి. ముందు నాయక్‌ను అడగండి, ఫొటోలకు ఆ పిల్లలనూ వాళ్ల పెద్దలనూ అడగండి, బుట్టలను మాత్రం ముట్టుకోకండి.