ఆదుర్రు స్తూపం ఎవరి జ్ఞాపకం?

ఓడలరేవు దగ్గర వైనతేయ గోదావరి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయ వెంట ఎగువకు పోతే అవతలి ఒడ్డున, మామిడికుదురు మండలంలో ఆదుర్రు. అక్కడి పాత ఇటుకల దిబ్బను ఊళ్లోవాళ్లు దుబరాజు గుడి అంటారు. నిజానికది శిథిలమైన బౌద్ధ స్తూపం. 1953 తవ్వకాల్లో బండిచక్రం ఆకుల్లాగా మధ్య నుంచి అంచుకు పోయే ఇటుక గోడలు బయటపడ్డాయి. ఘంటసాల స్తూపానిదీ ఈ పద్ధతే. గోడల మధ్య మట్టి కూరితే ఇటుక తక్కువ పడుతుంది, కట్టడమూ నిలుస్తుంది. మట్టి గుణం తెలిసిన చేతుల పని ఇది.

కానీ ఈ స్తూపం గురించి రాసేవాళ్లు చాలామంది ఆ చేతుల ఊసెత్తరు. అశోకుని కూతురు సంఘమిత్ర సింహళం పోతూ ఇక్కడ ఆగి పునాది వేసిందని మొదలుపెడతారు. మహావంశం ప్రకారం ఆమె ఓడ సాగింది తామ్రలిప్తి నుంచి, అంటే వంగ తీరం నుంచి. ఆదుర్రు ప్రస్తావన అందులో లేదు. అయినా ఈ కథ ఎందుకు చెలామణీ అవుతోంది? రాజుగారి బిడ్డ చెయ్యి పడితే తప్ప ఏటి ఒడ్డు పల్లెకు చరిత్ర ఉండదనే నమ్మకం ఒకటి మన చరిత్ర రచనలో పాతుకుపోయి ఉంది. మట్టి తవ్వినవాళ్లకు, ఇటుక కాల్చినవాళ్లకు, పడవ నడిపినవాళ్లకు ఆ కథలో చోటేది?

అమరావతి స్తూపంలో మాత్రం చోటుంది. అక్కడ పూర్ణకుంభం చెక్కిన ఒక ఫలకం మీద దాత పేరు విధికుడు, వృత్తి చర్మకారుడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని కూడా అదే శాసనం చెబుతోంది. తోలుపని చేసే మనిషి తన పనిని దాచుకోకుండా, కుటుంబంతో సహా రాతిమీద నిలిచాడు. తర్వాతి శతాబ్దాల్లో ఆ వృత్తినే అంటరానిదాన్ని చేశారు.

ఇదంతా పాత సంగతేనని కొట్టిపారేయడానికి లేదు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామంటే, మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇంటికీ, బీసీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. జూన్‌లో ప్రభుత్వం ఆ పేరునే ఖాయం చేసింది. కూలిన స్తూపంలోని బుద్ధుడు కోనసీమకు గర్వకారణమట! అదే బుద్ధుణ్ణి 1956లో లక్షలాది అంటరానివాళ్ల దగ్గరికి తెచ్చిన మనిషి పేరు మాత్రం బరువైందట!

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లల్ని ఆదుర్రు తీసుకెళ్లండి. సంఘమిత్ర కథ చెప్పండి, కథ అనే చెప్పండి. దాంతోపాటు విధికుడి పేరూ చెప్పండి.