సిక్ పరేడ్

సైన్యంలో పొద్దున పీటీ మొదలుకాకముందే ఎంఐ (మెడికల్ ఇన్‌స్పెక్షన్) రూమ్ ముందు ఒక లైను కడతారు. దాన్నే సిక్ పరేడ్ అంటారు. జలుబు, విరేచనాలు, చెవిపోటు, బెణికిన కాలు, బూటు కరిచిన వేలు. ముందు నర్సింగ్ అసిస్టెంట్ చూస్తాడు, తర్వాత మెడికల్ ఆఫీసర్. రోగం పేరు తర్వాతి మాట. ముందు తేలాల్సింది ఇతను ఇవాళ డ్యూటీ చేయగలడా, లైట్ డ్యూటీ ఇవ్వాలా, పడుకోబెట్టాలా, మిలిటరీ హాస్పిటల్‌కు పంపాలా అన్నదే. నా ఉద్యోగమంతా ఆ లైనును చూసేవాళ్ల వైపే గడిచింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ డాక్టర్లు సిక్ రిపోర్టులో ‘ఎం అండ్ డి’ అని రాసేవారు. మందు మింగు, డ్యూటీకి పో అని. ఏ బాధ చెప్పినా చేతిలో పడేది నంబర్ 9 మాత్రేనని జవాన్ల జోకు. అది విరేచనాలయ్యేందుకు ఇచ్చే మాత్ర! దొంగ నొప్పుల కథలు మా దగ్గరా తక్కువేం కాదు. అయితే నన్ను కలవరపెట్టింది లేని నొప్పి చెప్పినవాడు కాదు, ఉన్న నొప్పి దాచినవాడు. ట్రైనింగ్ కోర్సు పోతుందని, మెడికల్ కేటగిరీ (ఫిట్‌నెస్ గ్రేడు) తగ్గుతుందని దాస్తారు.

రిటైరయ్యాక ఇక్కడ షాద్‌నగర్‌లోనూ అదే చూస్తున్నా. ఆర్మీ భర్తీ ర్యాలీ కోసం 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే పిల్లల్లో కుంటుతున్నవాణ్ని ఆపి అడిగితే, ‘‘ఏం లేదు సార్, జర గుంజుతుంది’’ అంటాడు. కూర్చోబెట్టి, మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి నొక్కుకుంటూ వస్తాను. జానెడు మేర సలుపుతుంటే చాలావరకు పరుగు తగ్గిస్తే సర్దుకునేదే. అలాకాక ఒక్కచోట, రూపాయి బిళ్లంత జాగాలో, వేలు పడగానే కాలు లాక్కున్నాడా, ఎముక సన్నగా చిట్లిందేమోనని అనుమానించాలి. రాత్రి పడుకున్నాక కూడా నొప్పి ఉందంటే అనుమానం ఇంకా బలపడుతుంది. కవాతు చేసే జవాన్ల పాదాల వాపు గురించి ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే రాశాడు. అది చిట్లిన ఎముక అని తెలియడానికి ఎక్స్‌రే రావాల్సి వచ్చింది. ఇప్పటికీ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు. ‘‘ఎక్స్‌రే క్లియర్ ఉంది సార్’’ అని మళ్లీ పరుగెత్తేవాడితోనే నాకు భయం. ర్యాలీ ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటే ఎవరు వింటారు?

చీలమండ బెణికితే ఇంత తంటా లేదు. 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు తేల్చిన పద్ధతి ఉంది. రెండు పక్కల పొడుచుకొచ్చిన ఎముకల వెనుక అంచు, కొన నొక్కినా నొప్పి లేకుండా, నాలుగడుగులు వేయగలిగితే చీలమండకు సాధారణంగా ఎక్స్‌రే అక్కర్లేదు.

బూటు బొబ్బ అన్నిటికంటే చిన్నదనుకుంటాం. చిదమకుండా వదిలేస్తే మేలు. మరీ బిగిసి నడవనీయకపోతే శుభ్రమైన సూదితో అంచున పొడిచి నీరు దించి, పైతోలు పీకకుండా కట్టు కడతాం. ఇరవై ఏళ్ల జవానుకైతే అంతటితో సరి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల గోడౌన్ల గేట్ల దగ్గర మాలాంటి రిటైరైనవాళ్లు సెక్యూరిటీ గార్డులుగా గంటల తరబడి నిలబడుతుంటారు. అందులో షుగర్ ఉన్నవాళ్లు ఉంటారు. పాదంలో స్పర్శ తగ్గినవాడికి బొబ్బ లేచిన సంగతే తెలియదు, సాక్సు తడిస్తేగానీ. ఆ కాలికి నేను సూది పెట్టను, నేరుగా డాక్టర్ దగ్గరికే.

ఇక జ్వరాలు. దోమ కడుపులో మలేరియా జాడ పట్టిన రోనాల్డ్ రాస్ కూడా సైనిక వైద్యుడే. 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. ఇప్పుడు వానాకాలం వస్తే డెంగీ భయం. ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మింగొద్దని, పారాసిటమాల్ చాలని చెబుతాను. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగిందని సంబరపడే సమయమే ప్రమాదకరం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం అప్పుడే మొదలవ్వచ్చు. అందుకే ఎంఐ రూమ్‌లో మాత్రలిచ్చాక ‘‘రేపు పొద్దున మళ్లీ కనపడు’’ అని పంపేవాళ్లం. రాకపోతే బ్యారక్‌కు వెళ్లి లేపేవాళ్లం. ఇక్కడ ఎవరింటికని వెళ్లను?

ఇక్కడివాళ్లు నన్ను అడిగేదల్లా సూది. నేను వేయనంటే, ‘‘సూది కూడ ఎయ్యవు, మరి మిలిటరీల ఏం జేసినవ్ కాకా?’’ అని నవ్వుతారు. రక్త పరీక్ష చేయించుకోమని సర్కారు దవాఖానాకు పంపిస్తాను. కొందరు పోతారు.