గణితపరిభాషలో క్షేత్రశబ్దము: ఒక విమర్శ

ఉన్నతగణితమును తెలుగున చెప్పవచ్చునా యను ప్రశ్న నాందేడు తెలుగువారికి వట్టి చర్చ కాదు. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాజ్యములోనిది. 1948కి పూర్వము ఉస్మానియా విశ్వవిద్యాలయమున గణితము ఉర్దూలో బోధింపబడెడిది. పిమ్మట బడులలో మరాఠీ వచ్చెను, పైచదువున ఇంగ్లీషు వచ్చెను. 1994లో ఈ ఊరికే స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయము వచ్చినది. తాత ఉర్దూ మాటలతోను, తండ్రి మరాఠీ మాటలతోను, మనుమడు ఇంగ్లీషు మాటలతోను నేర్చిన శాస్త్రమును ఇంటిభాషలో తలపోయవలెనన్నచో, మాటలు సరియైనవి కావలెను. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ఈ పరిభాషకై చేసిన కృషి సామాన్యమైనది కాదు. అయినను రెండు మాటలను గూర్చి నాకు ఆక్షేపణ గలదు.

మొదటిది క్షేత్రము. కూడిక, తీసివేత, గుణకారము, సున్న కానిదానిచే భాగహారము, ఈ నాలుగును నిరాటంకముగా సాగు వ్యవస్థకు మన గ్రంథములలో క్షేత్రమని పేరు. అకరణీయసంఖ్యలు అట్టివి, పూర్ణసంఖ్యలు కావు. అయస్కాంతము చుట్టును దాని ప్రభావము వ్యాపించిన ప్రదేశమును క్షేత్రమే. ఈ రెంటికిని పొత్తెక్కడిది? 1871లో డెడెకిండు మొదటిదానికి జర్మనున దేహమను అర్థము గల మాట పెట్టెను. ఫ్రెంచివారును దేహమనియే అందురు. 1893లో అమెరికా గణితజ్ఞుడు మూరు దానిని ఇంగ్లీషున పొలమనెను. ఫారడే నాటినుండి భౌతికశాస్త్రమునకు వేఱొక పొలము ఉండనే యున్నది. జర్మనులును ఫ్రెంచివారును రెంటికి రెండు మాటలు వాడుచుండగా, మనవారు ఇంగ్లీషువారి చిక్కునే సంస్కృతపు మూటలో కట్టి తెచ్చుకొనిరి.

మూడవ అర్థము ఇంకను పాతది. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. మన జిల్లాలోని కంధారము ఆ రాష్ట్రకూటుల పట్టణమే. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. వారి సంప్రదాయమున క్షేత్రమనగా త్రిభుజము, చతుర్భుజము మొదలగు ఆకృతి. మల్లన మూలమును మక్కికి మక్కి తెనిగింపలేదు. జైనప్రస్తావన గలచోట శివుని నిలిపెను. తన పాఠకుల నెరిగి మార్చుకొను ఆ స్వాతంత్ర్యము మన పరిభాషాకర్తలకు లేకపోయెను.

గణితభౌతికమున ఈ చిక్కు ముదురును. "సంకీర్ణసంఖ్యల క్షేత్రమునందు విలువలు గల అదిశ క్షేత్రము" అని ఒకే వాక్యమున వ్రాయవలసి వచ్చును. ఇంగ్లీషువారును ఇట్లే వ్రాయుదురుగదా యందురేమో. వారికి వాడుకచే ఆ కరకు అరిగిపోయినది. మనకు ఆ స్థాయి గ్రంథములే కొలది. మొదటిదానిని బీజక్షేత్రమని విశేషించినచో బీజగణితసంబంధమును తెలియును, చెవికిని ఇంపుగా నుండును. భౌతికమునకు వట్టి క్షేత్రమే చాలును.

రెండవది సదిశ. వినుటకు ఎంతో చక్కని మాట. మోసమును అందే యున్నది. బలమునకు, వేగమునకు దిశ గలదు. క్వాంటం యాంత్రికశాస్త్రమున హిల్బర్టు అంతరాళపు మూలకములు ప్రమేయములు. వర్గము సమాకలనీయమగు ప్రమేయమును సదిశ యన్నచో, తెలివిగల విద్యార్థి "దీని దిశ యేది?" అని తప్పక అడుగును. రెంటిని కూడవచ్చును, సంఖ్యచే గుణింపవచ్చును, ఆ క్రియలు కొన్ని నియమములకు లోబడును: ఇదియే దాని లక్షణము, ఇందు దిశ ప్రసక్తి లేదు. మొదట కంటబడిన ఉదాహరణమునుండి పేరు తీసి, సిద్ధాంతమంతటికిని తగిలించిన ఫలమిది. ఇంతకంటె వెక్టరు అనుటయే మేలని నా తలంపు.

అవధి, అవిచ్ఛిన్నత వంటి మాటలపై నాకు తగవు లేదు. అవి భావమును కన్నులకు కట్టించుచున్నవి. సమితియు శాస్త్రమున నిర్దుష్టమే. కాని మరాఠీవారు దానిని సంచమందురు. ఇచట మన పిల్లవాడు సమితి, ఉపసమితి యని పైకి చదువుకొనుచున్నచో, పొరుగింటివారు ఏదో సంఘపు ఎన్నికలు వచ్చినవనుకొందురు.