మగ్గాలు పోయిన కొండమీద గిన్యోల్

ఫ్రాన్సులో పట్టుకు పేరుపడ్డ ఊరు లియోన్. అక్కడ చర్చి ఉన్న ఫూర్వియేర్ గుట్టను ప్రార్థించే కొండ అనీ, నేతగాళ్ళు కాపురమున్న క్రువా రూస్‌ను పనిచేసే కొండ అనీ అంటారు. క్రువా రూస్‌లోని పాత ఇళ్ళకు కప్పు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటుంది. వైభవం కోసం అంత ఎత్తు లేపలేదు. 1804 ప్రాంతంలో జోసెఫ్ మరీ జకార్ తయారుచేసిన యంత్రం మగ్గం నెత్తిన కూర్చుంటుంది. ధర్మవరంలో ఇవాళ్టికీ అట్టల దండ వేలాడేసుకుని పనిచేసే జకార్డు ఆయన పేరు మోస్తున్నదే. మగ్గమూ యంత్రమూ కలిసిన ఆ పొడుగును పట్టే ఇల్లు కావాలి. నేసేటప్పుడు మగ్గం కదలకుండా కప్పు దూలాలకు బిగించాలి. పట్టుదారం రంగు తేడా తెలియాలంటే పొడవాటి కిటికీలుండాలి. మగ్గాలు పోను మిగిలిన మూలన చెక్కతో అటక కట్టుకుని ఇంటిల్లిపాదీ దానిమీద పడుకునేవారు. ఇప్పుడు ఆ ఎత్తు, ఆ దూలాలు, ఆ అటక ఇళ్ళ అమ్మకపు ప్రకటనల్లో ధర పెంచే గుణాలయ్యాయి. నేతగాళ్ళ ఇల్లు అన్న మాటే ఒక హోదా. మగ్గం కూలి మీద బతికేవాడు మాత్రం ఆ ఇంట్లో అద్దెకు దిగలేడు. కట్టడాలను కాపాడటంలో లియోన్ నిర్లక్ష్యం చేయలేదు. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పాత నగరంలో ఈ కొండవాలు కూడా ఉంది. అయితే మజూరీ కోసం, అద్దె కోసం ఆ ఇళ్ళలో జరిగిన తగువును గోడలు చెప్పలేవు. దాన్ని రెండు వందల ఏళ్ళుగా మోసుకొస్తున్నది గిన్యోల్ అనే ఒక చేతిబొమ్మ. కార్మికుల చరిత్రకు బొమ్మలాట చేయగల మేలేమిటో ఆ బొమ్మను దగ్గరగా చూస్తేనే బోధపడుతుంది.

ముందు ఆ తగువేమిటో తెలియాలి. లియోన్ పట్టు నేతగాళ్ళను కన్యూలు అంటారు. మగ్గం కన్యూ ఇంట్లోదే. పట్టుదారం, డిజైను వ్యాపారివి. నేసిన బట్టకు కొలతను బట్టి మజూరీ. సిరిసిల్లలో సేటు దగ్గర నూలు తెచ్చుకుని సొంత సాంచాల (మరమగ్గాల) మీద నేయించే ఆసామి పరిస్థితి తెలిసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ కనిపించదు. పేరుకు యజమాని, నిజానికి కూలీ. 1831లో అలాంటి మగ్గాల యజమానులు సుమారు 8,000 మంది, వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళు సుమారు 30,000 మంది ఉండేవారని లెక్క. ఆ ఏడు అక్టోబరులో జిల్లా అధికారి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మజూరీకి ఒక కనీస రేటు కుదిర్చాడు. కొందరు వ్యాపారులు ఇవ్వమన్నారు. నవంబరు 21న కన్యూలు కొండ దిగి నగరాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. డిసెంబరు మొదట్లో సైన్యం వచ్చింది, రేటు రద్దయింది, కుదిర్చిన అధికారి ఉద్యోగం ఊడింది. 1834 ఏప్రిల్లో మళ్ళీ తిరుగుబాటు లేచింది, వందలమంది చచ్చిపోయారు. ఆ తర్వాత మగ్గాలు మెల్లగా పల్లెలకూ మిల్లులకూ తరలాయి. ఒకచోట గుమికూడిన నేతగాళ్ళంటే వ్యాపారులకు పుట్టిన భయం కూడా అందుకు ఒక కారణం. కొండ ఖాళీ కావడం మొన్నమొన్నటి అద్దెలతో మొదలు కాలేదన్నమాట. పని ముందు వెళ్ళిపోయింది, మనుషులు తర్వాత కదిలారు.

గిన్యోల్‌ను పుట్టించిన లోరాఁ మూర్గే 1769లో పట్టు నేతగాళ్ళ ఇంట పుట్టాడు. ఫ్రెంచి విప్లవం నాటి గందరగోళంలో పట్టు వ్యాపారం పడిపోతే మగ్గం వదిలి తిరుగుడు బేరానికి దిగాడు, ఆపైన పళ్ళు పీకే పని పట్టాడు. పన్ను పీకినందుకు డబ్బు తీసుకోకుండా మందులమ్ముకునేవాడు. జనాన్ని పోగుచేయడానికి, పన్ను నొప్పితో వచ్చినవాడి భయం పోగొట్టడానికి కుర్చీ పక్కన బొమ్మలాడించేవాడు. 1804 నాటికి పళ్ళ పని మానేసి బొమ్మల మీదే బతకసాగాడు. మొదట అన్ని ఊళ్ళలోనూ ఆడే ఇటలీ విదూషకుణ్ణే ఆడించాడు. తర్వాత ఎర్రముక్కుతో, ద్రాక్షసారా మీద యావతో న్యాఫ్రోన్ అనే చెప్పులు కుట్టేవాడు వచ్చాడు. 1808 ప్రాంతంలో గిన్యోల్ వచ్చాడు. గోధుమరంగు కోటు, నల్లటోపీ, వెనక చిన్న జడ, నోట్లో లియోన్ నేతగాళ్ళ యాస. అంతకుముందు విదూషకుడు ఏలిన బొమ్మల తెరమీదికి కూలి మనిషి అలా నాయకుడై వచ్చాడు.

ఆ బొమ్మ పనితనాన్ని కాస్త ఆగి చూడాలి. తల కర్రతో చెక్కినది, మెడ బోలుగా ఉంటుంది. ఆడించేవాడి చూపుడువేలు మెడలోకి పోతుంది, బొటనవేలు ఒక చేతిలోకి, మధ్యవేలు మరో చేతిలోకి. కాళ్ళుండవు. కోటు కింద ఉన్నది ఆడించేవాడి ముంజేయి. పెదవులు కదలవు, కళ్ళు తిరగవు. చెక్కిన ముఖం మీద ఉండీ లేనట్టున్న నవ్వొకటే. తల కొంచెం వంచితే అది దిగులుగా కనిపిస్తుంది, వెనక్కి వాలిస్తే ధీమాగా కనిపిస్తుంది. మాట్లాడుతున్నది ఏ బొమ్మో తెలియడానికి నొక్కి పలికే మాట దగ్గర దాని తల ఊగుతుంది, ఎదుటి బొమ్మ కదలకుండా వింటుంది. ఈ వినడం నేర్చుకోవడమే కష్టమైన విద్య. ఆడించేవాడు తెరకింద నిలబడి రెండు చేతులూ తలపైకెత్తి గంటసేపు ఆడాలి. చేతికొక బొమ్మ కాబట్టి ఒక్కడే ఆడించినప్పుడు ఎదురెదురుగా నిలిచేది ఇద్దరే. గిన్యోల్, ఇంటి యజమాని. గిన్యోల్, పోలీసు. గిన్యోల్, భార్య మాద్లోన్. కథ ఎటు తిరిగినా ఇద్దరి మధ్య వాదంగా తేలుతుంది. చేతికి ఐదే వేళ్ళుండటం వల్ల ఏర్పడిన ఈ కట్టుబాటు మజూరీ బేరానికీ అద్దె బేరానికీ సరిగ్గా అతికిపోయింది. వాదం ముదిరితే గిన్యోల్ కర్ర తీస్తాడు. ఆ కర్ర పేరు తావెల్, మగ్గం సరంజామాలోని పనిముట్టు పేరే దానికి పెట్టారు. తోలుబొమ్మలాటలో మనవాళ్ళు కాళ్ళకింద చెక్కలు తొక్కి యుద్ధం వినిపించినట్టే ఇక్కడ బొమ్మ తలమీద కర్ర పడిన చప్పుడే తాళం. దెబ్బకూ దెబ్బకూ మధ్య గిన్యోల్ జనం వైపు తిరిగి అడుగుతాడు, వాళ్ళు పైకి జవాబు చెప్తారు. పోలీసు వెనకనుంచి వస్తుంటే వెయ్యి గొంతులు హెచ్చరిస్తాయి. చూసేవాడు ఎవరి పక్షమో తేల్చుకోక తప్పదు.

పాత నాటకాల్లో ఇల్లు మారడం మీద కట్టినదొకటి ఉంది. గిన్యోల్ అద్దె బకాయిపడ్డాడు. కనెజూ అనే ఇంటి యజమాని గుమ్మంలో నిలబడ్డాడు. న్యాఫ్రోన్ సాయంతో మూటాముల్లె సర్దుకుని కంటబడకుండా జారుకోవాలి. మంచం, కుండ, బల్ల ఒక్కొక్కటిగా తెర దాటుతుంటే నవ్వొస్తుంది, ఆ సంసారంలో ఉన్న వస్తువులెన్నో లెక్క కూడా తెలుస్తుంది. పేదవాడి ఇంటి సామాను జాబితాను, దాని చుట్టూ ఉన్న భయాన్ని ఇంత తేటగా చెప్పే దస్తావేజు దొరకడం కష్టం. ఇళ్ళ ధరలు పెరిగి పాతవాళ్ళు కొండ దిగిపోవలసి వచ్చిన తర్వాతి కాలానికి ఈ నాటకం పాతబడలేదు. కనెజూ చేతిలోని రశీదు బదులు ఒక కంపెనీ నోటీసు పెడితే చాలు.

ఇక్కడ చరిత్రకారుడు అడ్డు చెప్పవచ్చు, అతని మాటలో బలముంది. మూర్గే ఆశువుగా ఆడాడు, రాతలో ఏమీ వదల్లేదు. 1852 తర్వాత ఫ్రాన్సును ఏలిన రెండో సామ్రాజ్యపు పోలీసులు నాటకాన్ని కాగితం మీద పెట్టి ముందే చూపించాలన్నారు. 1865లో పాత నాటకాలను పోగుచేసి అచ్చువేసిన ఒనోఫ్రియో స్వయంగా న్యాయమూర్తి, ఆయన పెద్దమనుషులు చదవగలిగేలా వాటిని కడిగి పెట్టాడు. పైగా గిన్యోల్ ప్రతి కథలోనూ నేతగాడు కాడు, ఒకచోట నౌకరు, ఇంకోచోట మరేదో పని. 1831 తిరుగుబాటు గురించి అతని నోట ఏముందో చూపమంటే అచ్చుపుస్తకంలో చూపలేం. ఇదంతా ఒప్పుకోవాలి. ఎవరు ఎప్పుడు కాల్చారో తెలియాలంటే 1831లోనే నేతగాళ్ళ కోసం మొదలైన 'ఎకో ద లా ఫాబ్రిక్' పత్రికను తిరగేయాలి, బొమ్మను అడిగి లాభం లేదు. ఐతే పోలీసులు కాగితం ఎందుకు అడిగారో కూడా ఆలోచించాలి. రాతకు దొరకని మాట తెరమీద ఉండేది కాబట్టే అడిగారు. అచ్చయిన పుస్తకం ఆ కళ తాలూకు ఎముకల గూడు. ఆనాటి రొట్టె ధరో, ఆనాటి అధికారి పేరో అప్పటికప్పుడు కలిపే వీలే దాని ప్రాణం, ఆ వీలును మూర్గే కుటుంబంలోని వారసులూ శిష్యులూ చేతినుంచి చేతికి అందించారు. కూలి మనిషి యజమానికి ఎదురు మాట్లాడే ధోరణి, ఏ మాట దగ్గర తగ్గుతాడు, ఏ మాట దగ్గర కర్ర తీస్తాడు అన్నది సాక్ష్యమే. పత్రికల్లో ఈ సాక్ష్యం చాలా తక్కువ దొరుకుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పాతబడ్డ కార్మికవాడకు ముందు కళాకారులు వస్తారు, వాళ్ళ వెనక కాఫీ హోటళ్ళు, వాటి వెనక కొత్త అద్దెలు. క్రువా రూస్‌లోనూ 1970ల నుంచి విద్యార్థులూ కళాకారులూ చవకైన ఎత్తైన ఇళ్ళ కోసమే చేరారు, ఇప్పుడక్కడి వారసత్వపు పేరే ధరను మోస్తోంది. గిన్యోల్ కూడా ఆ వారసత్వంలో భాగమై దుకాణాల్లో కీచైను మీద నవ్వుతున్నాడు, చిన్నపిల్లల మధ్యాహ్నపు ఆటగా మిగిలాడు. అటువంటప్పుడు బొమ్మలాట కూడా ఖాళీ చేయించే పనిలో ఒక చెయ్యి వేసినట్టు కాదా? కొంతవరకు వేసింది. కీచైను బొమ్మకు మాట లేదు, దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, అందుకే అది అంత సులువుగా అమ్ముడుపోతుంది. తేడా అంతా బొమ్మలో చెయ్యి ఉన్నదా లేదా అన్న దగ్గరే ఉంది. అద్దె ఎంత అని అడిగే గిన్యోల్‌ను ఏ ఇళ్ళ వ్యాపారీ తన ప్రకటనలో పెట్టుకోడు. 2021 నవంబరు నుంచి లియోన్‌లో అద్దెలకు పైపరిమితి అమల్లోకి వచ్చింది. ఆ చట్టాన్ని బొమ్మలు తేలేదు, తెచ్చాయనడం అతిశయోక్తి. కానీ ఆ పరిమితి ఎవరికి అందుతోంది, ఎవరు దాటేస్తున్నారు అన్నది ఇద్దరు మనుషులు గుమ్మంలో నిలబడి వాదించుకునే సంగతి, గిన్యోల్ ఆట మొత్తం ఆ గుమ్మం దగ్గరే కదా. ఇక పిల్లల ఆట అయిపోయిందన్న చిన్నచూపు నాకు నచ్చదు. అప్పుకూ అద్దెకూ సంబంధించిన మొదటి పాఠం ఆరేళ్ళ పిల్లకు నవ్వుతూ అందితే అంతకంటే కావలసిందేముంది?

ఈ ప్రశ్న మనకు దూరం కాదు. శ్రీసత్యసాయి జిల్లాలో ధర్మవరం పట్టుచీరల ఊరు. అదే మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు, 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుది ఆ ఊరే. జకార్డు మగ్గమూ బొమ్మలాటా ఇంత దగ్గరగా బతికిన చోటు మనకూ ఉందన్నమాట. మన ఆటలోనూ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు రామాయణం మధ్యలో దూరి ఊరి సంగతులెత్తి ఎవరిని దెప్పాలో వాళ్ళను దెప్పేవారు. రాముడి మాటలు పద్యాలకూ కట్టుబాట్లకూ లోబడాలి, వీళ్ళ నోటికి మాత్రం తాళం లేదు. గిన్యోల్‌తో పోల్చదగింది వీళ్ళే. ఇవాళ నిమ్మలకుంటలో మేకతోలు గీకి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులద్దే నైపుణ్యం చెక్కుచెదరలేదు, కానీ అందులో చాలావరకు దీపాల గొడుగులకూ గోడ బొమ్మలకూ పోతోంది. ఆ పని చేసేవాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, రాత్రంతా ఆడితే రాని డబ్బు దీపం గొడుగుకు వస్తుంది. తప్పు కొనేవాళ్ళ చూపులో ఉంది. హస్తకళల మేళాల్లో వస్తువుకు ధర కడతారు, జుట్టుపోలిగాడి మాటకు కట్టరు. ఆటకు రాత్రికింత అని సంభావన, బృందానికి ఇద్దరు ముగ్గురు నేర్చుకునే పిల్లలకు జీతం, నేతగాళ్ళ వాడలోనే తెర కట్టుకునే జాగా సమకూర్చడం ప్రభుత్వ అకాడమీలకూ చేనేత సంఘాలకూ మోయలేని ఖర్చేమీ కాదు. పట్టుదారం ధర ఇంత పెరిగాక చీర మజూరీ ఎందుకు పెరగలేదో ధర్మవరం నడివీధిలో తెరమీద బంగారక్క అడగాలి, చూస్తున్న నేతగాళ్ళు జవాబివ్వాలి, షావుకారు కూడా అక్కడే కూర్చుని వినాలి.