లంకెలకు పేర్లు పెట్టే పని
2003లో జాషువా షాక్టర్ ప్రారంభించిన డెలిషియస్ అనే వెబ్‌సైట్, నచ్చిన వెబ్ పేజీ చిరునామాను సొంత కంప్యూటర్‌లో కాక ఇంటర్నెట్‌లోనే దాచుకుని, దానికి ట్యాగులు, అంటే పాఠకుడు తనకు తోచినట్లు తగిలించే విషయసూచక పదాలు, జోడించుకునే వీలు కల్పించింది. పుస్తకానికి బీరువాలో ఒక్క చోటే చూపగలిగే డ్యూయీ దశాంశ వర్గీకరణకు భిన్నంగా, ఇక్కడ ఒకే పేజీ నేత, చరిత్ర, పోచంపల్లి అనే మూడు పేర్ల కిందా దొరికేది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం పెన్‌ట్యాగ్స్ పేరిట ఈ పద్ధతిని తన పుస్తక సూచికకే ముడిపెట్టి, పాఠకుల మాటలను గ్రంథపాలకుల శీర్షికల సరసన నిలపడం సాహసమే. అయితే అసలు మెచ్చుకోవలసింది, ఏకవచన బహువచనాలు కలగాపులగమైన ట్యాగులను సరిచేస్తూ, తెరుచుకోని లంకెలను ఏరివేస్తూ, మిగిలిన ప్రతి లంకె పక్కన అది ఎవరికి, ఎందుకు పనికొస్తుందో ఒక వాక్యం రాసిపెట్టే గ్రంథపాలకుల ఓపికను. డెలిషియస్ చేతులు మారి, చివరకు 2017లో అలాంటిదే అయిన పిన్‌బోర్డ్ అనే సేవ పరమైనా, తమ జాబితాను ముందే ఫైలుగా దింపుకున్నవారికి ఆ వాక్యాలు దక్కాయి.